ఉప్పుకూ వంశవృక్షం ఉంది

తెలుగువారి నోట ఉప్పుకు ఉన్నంత చలామణి మరే వస్తువుకూ లేదేమో! తిన్న ఉప్పుకు ద్రోహం చేయరాదంటాం. పౌరుషం లేనివాణ్ణి ఉప్పూ కారం తినడం లేదా అని అడుగుతాం. గుట్టు చెవిన వేయడాన్ని ఉప్పందించడమంటాం. ఇంతగా వాడుకలో ఉన్న ఈ మాటకు అర్థం చెప్పమంటే మాత్రం మన చెయ్యి వంటింటి జాడీ వైపే చూపుతుంది. రసాయన శాస్త్రం దృష్టిలో ఆ జాడీలోనిది వేలాది సభ్యులున్న ఒక మహాకుటుంబంలో ఒక్క సభ్యురాలు మాత్రమే. ఆ కుటుంబానికి లవణాలని పేరు.

భాషాప్రవీణ చదివి, బతుకంతా సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాడికి లవణాల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. లవణాలకు పేర్లు పెట్టే పద్ధతి అచ్చంగా వ్యాకరణం. అందువల్ల ఆ గొడవలో నాకూ కాస్త వాటా ఉందని నా నమ్మకం.

ముందుగా మన ఇళ్ళలోని లవణాలను పలకరిద్దాం. నీటిని తేర్చే పటిక ఒక లవణం. పూర్వం బాణసంచాకు వాడిన సురేకారం మరొకటి. కంసాలి బంగారం అతికేటప్పుడు వేసే వెలిగారం, కళాయి వేసేవాడు గిన్నె వేడిచేసి చల్లే నవాసారం, తోటల్లో తెగుళ్ళకు సున్నంతో కలిపి కొట్టే మైలుతుత్తం, మా తాతల కాలంలో కరక్కాయ కషాయంలో కలిపి సిరా చేసుకొన్న అన్నభేది, బజ్జీలపిండిలో చిటికెడు వేసే తినేసోడా, బట్టలుతికే చాకలిసోడా, వైద్యులు విరేచనానికిచ్చే భేది ఉప్పు, అన్నీ లవణాలే. ఈ పేర్లలో ఎంత అందముందో చూడండి. కొన్ని రంగును చెబుతాయి, కొన్ని పనిని చెబుతాయి. అయితే ఏ పేరూ ఆ వస్తువు దేని నుండి పుట్టిందో చెప్పదు. పైగా కొన్ని దారి తప్పిస్తాయి కూడా. క్షారానికి వికృతి కారమని బడిలో చెబుతాం కదా! సురేకారంలోనూ వెలిగారంలోనూ ఆ కారం ఉంది. శాస్త్రం ప్రకారం రెండూ క్షారాలు కావు, లవణాలు.

ఇంతకూ లవణం ఎలా పుడుతుంది? పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడటం మన ఆడపడుచులందరికీ తెలుసు. సున్నం క్షారం కనుక పసుపు ఎర్రబడింది. ఆ ఎర్రని ముద్దలో నిమ్మరసం పిండుతూ పొండి. కొంతసేపటికి ఎరుపు విరిగి మళ్ళీ పసుపుపచ్చ తిరిగివస్తుంది. నిమ్మరసంలోని ఆమ్లం సున్నంలోని క్షారాన్ని చల్లార్చింది. అక్కడ ఆమ్లమూ క్షారమూ కలిసి నీరుగానూ, లవణంగానూ మారిపోయాయి. దీనినే పాఠ్యపుస్తకాలు తటస్థీకరణం అంటాయి.

లోపల జరిగేది ఇది. ఆమ్లం తన వద్దనున్న హైడ్రోజన్‌ను వదులుతుంది. క్షారం తన వద్దనున్న హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. ఆ రెండూ కలిసి నీరవుతాయి, కొంత వేడి పుడుతుంది. మిగిలిపోయిన ఇద్దరు, క్షారం వైపు లోహమూ ఆమ్లం వైపు శేషభాగమూ, జతకట్టి లవణమవుతారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ సోడియం హైడ్రాక్సైడూ విడివిడిగా చర్మాన్ని కాల్చే ఉగ్రమూర్తులు. వాటిని సరిపాళ్ళలో కలిపి నీటిని ఇగిర్చితే మిగిలేది సోడియం క్లోరైడ్, అంటే మన జాడీలోని ఉప్పు. ఇద్దరు కోపిష్ఠుల కడుపున ఇంత సాధువు పుట్టడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఈ చల్లార్చడాన్ని మన పూర్వులు గమనించారు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని పదకొండవ అధ్యాయం క్షారం తయారుచేసే విధానానికే కేటాయించబడింది. చెట్ల బూడిదను నీటిలో కలిపి వడగట్టి, కాల్చిన సున్నపురాళ్ళతో కాచి, తీక్ష్ణమైన క్షారాన్ని సాధించి ఇనుప పాత్రలో దాచమంటాడు ఆచార్యుడు. శస్త్రచికిత్సలో దానిని వాడాక మంట తగ్గడానికి పుల్లని ద్రవ్యాలు పూయమంటాడు. నిప్పులాంటి క్షారానికి పులుపు ఎలా శాంతి కలిగిస్తుందన్న సందేహాన్ని తానే లేవనెత్తి, క్షారంలో పులుపు తప్ప మిగిలిన రుచులన్నీ ఉన్నాయనీ, పులుపుతో కలిసినప్పుడు అది తన తీక్ష్ణతను విడిచిపెడుతుందనీ, నీట తడిసిన నిప్పులా శమిస్తుందనీ సమాధానం చెబుతాడు. ఆమ్లక్షారాలు ఒకదానినొకటి అణచివేస్తాయన్న పరిశీలన ఇందులో స్పష్టంగా ఉంది. వాటి కలయికలో మూడో పదార్థం పుడుతుందనీ, దానికి లవణమని పేరు పెట్టాలనీ మాత్రం ఇందులో లేదు. అక్కడ లవణమంటే షడ్రసాలలో ఒక రుచి. ఉన్నదానికి గర్వపడదాం, లేనిదానిని అంటగట్టవద్దు. పండితుడికి పాఠం మీద ఉండవలసిన గౌరవం అదే.

ఇక వ్యాకరణం సంగతి. 1998లో నేను శ్రీకాళహస్తి పరిసరాల్లోని ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. సైన్సు మాస్టారు బదిలీపై వెళ్ళారు. నాలుగు నెలలు ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. "పండితుల వారూ, పిల్లలు ఊరికే కూర్చుంటున్నారు, మీరు పుస్తకమైనా చదివించండి" అన్నారు ప్రధానోపాధ్యాయులు. చదివించాను. పిల్లలు సల్ఫేటు, సల్ఫైటు, సల్ఫైడు అని అర్థం తెలియని మంత్రంలా వల్లించసాగారు. ఏది ఎందుకో వారికి తెలియదు. పరీక్షలో ఒకదానికి బదులు ఒకటి రాసి సున్నాలు తెచ్చుకొనేవారు.

ఆ పాఠాన్ని ఇంటికి తీసుకువెళ్ళి రెండు రాత్రులు చదివాను. మూడో నాడు నల్లబల్లపై ఆమ్లాల మాట ఎత్తకుండా, దశరథుని కొడుకెవరని అడిగాను. "దాశరథి" అన్నారు. కుంతి కొడుకు? "కౌంతేయుడు." రాధ పెంచిన కొడుకు? "రాధేయుడు." ద్రుపదుని కూతురు? "ద్రౌపది." కన్నవారి పేరు చివర ఒక ప్రత్యయం చేరిస్తే సంతానం పేరు వస్తుంది. మనం దీనిని అపత్యార్థక తద్ధితం అంటాం. ఏ ప్రత్యయం చేరాలన్నది కన్నవారి పేరు ఎలా ముగిసిందన్న దానిపై ఆధారపడుతుంది. దశరథ శబ్దానికి ఇకారం వచ్చింది, కుంతికీ రాధకూ ఏయ వచ్చింది. లవణాలకూ ఇదే సూత్రం రా అబ్బాయిలూ, అన్నాను.

ఆమ్లం పేరు ‘ఇక్’తో ముగిస్తే లవణం పేరు ‘ఏట్’తో ముగుస్తుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం సంతానం సల్ఫేట్, నైట్రిక్ సంతానం నైట్రేట్, కార్బానిక్ సంతానం కార్బొనేట్. ఆమ్లం పేరు ‘అస్’తో ముగిస్తే లవణానికి ‘ఐట్’ వస్తుంది. సల్ఫ్యూరస్‌కు సల్ఫైట్, నైట్రస్‌కు నైట్రైట్. ‘అస్’ ఆమ్లంలో ‘ఇక్’ ఆమ్లంలో కంటె ఆక్సిజన్ పాలు తక్కువ. సల్ఫ్యూరిక్‌లో నాలుగు పరమాణువులుంటే సల్ఫ్యూరస్‌లో మూడు, నైట్రిక్‌లో మూడుంటే నైట్రస్‌లో రెండు. ఆక్సిజనే లేక, పేరు మొదట ‘హైడ్రో’ చేరి ‘ఇక్’తో ముగిస్తే, లవణానికి ‘ఐడ్’ వస్తుంది. హైడ్రోక్లోరిక్‌కు క్లోరైడ్ అలా వచ్చినదే. క్లోరిన్ ఆమ్లాలు నాలుగు రకాలు కావడంతో రెండు ప్రత్యయాలు చాలక ఉపసర్గలు తెచ్చుకొన్నారు. అన్నిటికంటె తక్కువ ఆక్సిజన్ గలది హైపోక్లోరైట్, అన్నిటికంటె ఎక్కువది పెర్‌క్లోరేట్. ఆ గ్రీకు ‘హైపో’ మన సంస్కృత ‘ఉప’కు జ్ఞాతి అని భాషాశాస్త్రం చెబుతుంది. పరాయి ఊళ్ళో మేనమామ ఎదురైనట్లు అనిపించింది నాకు.

ఇది పేరులో రెండో సగం. మొదటి సగం క్షారం నుండి వస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్ అయితే సోడియం, కాల్షియం హైడ్రాక్సైడ్ అయితే కాల్షియం, అమ్మోనియా నీరైతే అమ్మోనియం. రెండూ కలిపి చదివితే తల్లిదండ్రులిద్దరి పేర్లూ బయటపడతాయి. దాశరథి అంటే తండ్రి ఒక్కడే తెలిశాడు, కౌంతేయుడంటే తల్లి ఒక్కతే తెలిసింది. కాపర్ సల్ఫేట్ అంటే ఇద్దరూ తెలిశారు. ఈ విషయంలో రసాయన శాస్త్రం పాణినీయుల కంటె ఒక అడుగు ముందుకే వేసిందని పిల్లలతో ఒప్పుకొన్నాను.

పాత తెలుగు పాఠ్యపుస్తకాలు రాసినవారు ఈ సూత్రాన్ని ఎంత చక్కగా పట్టుకొన్నారో ఇక్కడ చెప్పాలి. నత్రికామ్లం నుండి వచ్చినది నత్రితం, గంధకికామ్లం నుండి వచ్చినది గంధకితం, క్లోరైడ్‌కు హరిదం. ‘ఇక’ పోయి ‘ఇత’ వచ్చింది. ఆ మాటలు నిలవలేదు. నిలవలేదని నాకు పెద్ద దుఃఖం లేదు. సల్ఫేటు కూడా ఇప్పుడు తెలుగు మాటే. కాని పేరు వెనుక ఒక సూత్రముందని ఆ పెద్దలు మరువలేదు. నేటి పుస్తకాలలో సూత్రం ఉన్నా తరగతి గదిలో అది పట్టికగా మారి బట్టీకి బలి అవుతున్నది.

తద్ధితాల పాఠం ముగిసిన మర్నాడు వెనుక బల్లలో కూర్చునే ఒక అమ్మాయి లేచింది. వాళ్ళది కలంకారీ పనిచేసే ఇల్లు. మామూలుగా నోరు విప్పని పిల్ల. "సార్, మా నాయిన కుండలో ఇనప తుక్కు, బెల్లం, నీళ్ళు ఏసి నానబెడతాడు. కొన్నాళ్ళకి పుల్లగా వాసనొస్తాది. ఆ నీళ్ళతోనే నల్లగీతలు గీస్తాడు. అదీ లవణమేనా సార్?" అంది. కసిం అని వారి ఇంట పిలిచే ద్రావణం అది.

నాకు తెలిసినంతలో ఆలోచించి, పొరుగూరి సైన్సు మాస్టారిని అడిగి నిర్ధారించుకొని, మరునాడు అందరి ముందూ జవాబు చెప్పాను. బెల్లపు నీరు పులిస్తే పుట్టే ఆమ్లాలలో ముఖ్యమైనది ఎసిటిక్ ఆమ్లం, వినిగర్‌లో ఉండేది అదే. అది ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. ఇక్కడ క్షారం లేకున్నా లోహమే నేరుగా ఆమ్లంతో కలిసి లవణమవుతుంది, హైడ్రోజన్ వాయువుగా వెళ్ళిపోతుంది. అలా పుట్టిన లవణం, కరక్కాయ రసమూ పాలూ పట్టించిన గుడ్డపై పడినప్పుడు, కరక్కాయలోని వగరుతో కలిసి నల్లగా నిలిచిపోతుంది. అన్నభేదితో చేసిన పాత సిరా నలుపు కూడా ఇటువంటిదే. ఇంతవరకు చెప్పి, "మరి దాని పేరేమిటమ్మా?" అన్నాను. ఆ పిల్ల వేళ్ళ మీద లెక్క చూసుకొంటున్నట్లు కాసేపు నిలబడి, "ఎసిటిక్‌కు ఎసిటేట్... ఐరన్ ఎసిటేట్ సార్" అంది. పుస్తకంలో ఆ పేరు లేదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. తన ఇంటి కుండలో ఉన్నదానికి శాస్త్రం పెట్టిన పేరును తానే కనుక్కొంది.

కొన్నాళ్ళకు వాళ్ళ నాన్న గుడి వీధిలో ఎదురుపడి, "మా పాప ఇంట్లో కుండకు ఇంగ్లీషు పేరు పెట్టింది సామీ" అని నవ్వాడు. "పేరు ఏదైతేనేం, గుడ్డ మీద నలుపు నిలబడల్ల" అన్నాడు. ఆ మాటా నిజమే. పేరు తెలిసినంత మాత్రాన నలుపు నిలవదు, అది తరాల చేతివాటం. కాని ఆ పిల్ల ఆ తరువాత వెనుక బల్లలో కూర్చోలేదు. తన ఇంటి పని పుస్తకం బయటిదనే బెరుకు ఆమెకు పోయింది. నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన వ్యాకరణం వల్ల ఒక మనిషికి కలిగిన ప్రత్యక్ష ప్రయోజనం చూపించమంటే ఈ ఒక్కటి చూపుతాను.

ఈ నామకరణ పద్ధతి ఆకాశం నుండి ఊడిపడినది కాదు. ఐరోపాలోనూ పూర్వం మన మైలుతుత్తం వంటి పేర్లే ఉండేవి. పదిహేడవ శతాబ్దపు జర్మన్ రసాయనజ్ఞుడు గ్లౌబర్ పేరిట ఒక లవణం, ఇంగ్లండులోని ఎప్సమ్ అనే ఊరి పేరిట ఒక లవణం. ఎవరు కనుక్కొన్నారో, ఎక్కడ దొరికిందో తెలిసేది, ఏముందో తెలిసేది కాదు. ఫ్రాన్సులో రుయెల్ అనే ఆచార్యుడు 1744లో మొదలుపెట్టి, ఆమ్లం మరొక పదార్థంతో కలిసి ఏర్పడేదే లవణమని వివరించాడు. ఆయన పాఠాలు విన్నవారిలో లవోయిజే ఒకరు. 1787లో గిటన్ ద మోర్వో, లవోయిజే, బెర్తొలే, ఫూర్క్రువా అనే నలుగురు కలిసి రసాయన నామకరణానికి ఒక గ్రంథం వెలువరించారు. ‘ఏట్’, ‘ఐట్’ ప్రత్యయాలు స్థిరపడింది అందులోనే. గ్లౌబర్ లవణం సోడియం సల్ఫేట్‌గా, ఎప్సమ్ లవణం, అంటే మన భేది ఉప్పు, మెగ్నీషియం సల్ఫేట్‌గా నేడు మనకు తెలుస్తున్నాయంటే ఆ నలుగురు వేసిన బాటే కారణం.

సూత్రకారులూ పొరబడతారు. ఆమ్లాలన్నిటికీ మూలం ఒకే వాయువని లవోయిజే భావించి, ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థంలో దానికి ఆక్సిజన్ అని పేరుపెట్టాడు. మనవారు దానినే ఆమ్లజని అని తెనిగించుకొన్నారు. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని తేల్చడంతో, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని స్పష్టమయింది. ఆమ్లాలకు హైడ్రోజన్ ముఖ్యమని తరువాత తెలిసింది. అంటే ఉదజనికి చెందవలసిన బిరుదును ఆమ్లజని మోస్తున్నది! సిద్ధాంతం పోయినా పేరు మిగిలింది. సురేకారంలోని కారం మాదిరిగా.

ఒక్క ప్రత్యయానికి ఎంత బరువుంటుందో చూపడానికి మన దేశపు ఉదాహరణే ఉంది. 1896లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రఫుల్ల చంద్ర రాయ్ మెర్క్యురస్ నైట్రైట్ అనే లవణాన్ని తయారుచేసి ప్రసిద్ధికెక్కారు. పేరు విడదీయండి. పాదరసం నుండి మెర్క్యురస్, నైట్రస్ ఆమ్లం నుండి నైట్రైట్. ఆ ‘ఐట్’ స్థానంలో ‘ఏట్’ ఉంటే అది అప్పటికే తెలిసిన పదార్థం. సుశ్రుతుని క్షారవిధానాన్ని తన హిందూ రసాయన శాస్త్ర చరిత్రలో ఆధునిక పాఠకులకు వివరించినవారు కూడా ఆయనే.

పేరులో మొదటి సగం బరువు ఎంతో మా ఇంట్లోనే చూశాను. మా ఆవిడకు మూత్రపిండాలు బలహీనపడి నాలుగేళ్ళయింది. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు తగ్గించమనీ, ఒంట్లో పొటాషియం పెరగకూడదనీ వైద్యులు మొదటే చెప్పారు. గత సంక్రాంతికి మా మేనల్లుడు వస్తూ వస్తూ ఒక ఉప్పు పొట్లం తెచ్చాడు. "అత్తకు బీపీ కదా మామయ్యా, ఇందులో సోడియం తక్కువ, అత్తకిదే వాడండి" అన్నాడు, ఎంతో ప్రేమగా. కళ్ళద్దాలు పెట్టుకొని వెనుకవైపు చిన్న అక్షరాలు చదివాను. సోడియం క్లోరైడ్ పక్కన పొటాషియం క్లోరైడ్ అని ఉంది. రెండో సగం అదే, మొదటి సగం మారింది. రుచి దగ్గర దగ్గరగా ఉంటుంది, రంగు ఒకటే. కాని బలహీనమైన మూత్రపిండాలు పొటాషియాన్ని బయటకు పంపలేవు. అది రక్తంలో పేరుకొంటే గుండె లయ తప్పుతుంది. "ఇది వద్దురా, డాక్టరు గారిని అడగకుండా దీని జోలికి పోవద్దు" అన్నాను. ఫోను చేసి అడిగితే ఆయనా వద్దనే అన్నారు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి ఉప్పును సాధారణ ఆరోగ్యంగల పెద్దలకు సూచిస్తూనే, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని అందులోంచి మినహాయించింది. అందరికీ చెడ్డది కాదు, మా ఆవిడకు చెడ్డది. "ఉప్పు ఉప్పే కదండీ, పేరులో ఏముంది?" అన్నది తాను, చప్పిడి పప్పు కలుపుకొంటూ. పేరులో ఏమున్నదో ఆ పూట ఆమెకు వివరించాను. కర్ణుణ్ణి కౌంతేయుడన్నా రాధేయుడన్నా మనిషి ఒక్కడే, ఇక్కడ తల్లి పేరు మారితే బిడ్డే వేరు.

పాత పేర్లు వదిలేయమని నేననను. పటికను పటిక అనే పిలుద్దాం, మైలుతుత్తాన్ని మైలుతుత్తమనే అందాం. అవి మన చేతిపనుల జ్ఞాపకాలు. కాని వాటి పక్కనే రెండో పేరు కూడా పిల్లలకు నేర్పుదాం, బట్టీగా కాదు, విడదీసి. ఆమ్లమెవరు, క్షారమెవరు, ఏ ప్రత్యయం ఎందుకొచ్చింది అని అడిగి. తెలుగు మాస్టారూ సైన్సు మాస్టారూ ఏడాదికి ఒక్క పూట ఒకే తరగతిలో కూర్చొని ఈ పాఠం చెబితే చాలు. మిత్రులలో ఉపాధ్యాయులున్నారు, ప్రయత్నించి చూడండి. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో వాడే లవణాల పాత పేర్లు ఇక్కడ నేను చెప్పనివి ఉంటే తెలియజేయండి. వాటి వంశవృక్షం మన పిల్లల చేతనే గీయిద్దాం.